నోటుబుక్కు చివరి పేజీ

నోయిడా, సెక్టార్ 34
భోగికి మూడు రోజుల ముందు

చి. అమ్ములుకు,

పొద్దున తొమ్మిదైనా ఎదురింటి మేడ కనపడనంత మంచు పడుతోంది. నువ్వు ఈ మంచులో మెట్రోకి పరిగెత్తే బాధ తప్పిందని మీ పిన్ని రోజుకోసారి అంటూనే ఉంది.

నువ్వు రైలెక్కిన మర్నాడు భోజనాల బల్ల మీద గుడ్డ మారుస్తుంటే నీ నీలం అట్ట నోటుబుక్కు బయటపడింది. కొరియర్ చేద్దామని కవరు తెచ్చి, అందులో పెట్టబోతుంటే చివరి పేజీ తెరుచుకుంది. డైరీ అయితే మూసేసేవాణ్ణి. అది ప్రోగ్రాం గురించి కాబట్టి చదివాను, ఏమనుకోకు. ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా రాసుకుని నాలుగూ కొట్టేసుకున్నావు. "సాకెట్ ఇస్తున్నామంటారు, చేతిలో పెట్టింది వాయిడ్ స్టార్. ఇది సాకెట్టా, సాకెట్ అడ్రసా, మరోటా?" దాని కింద ఎర్ర పెన్నుతో, "అన్నీ క్లోజ్ చేశాను. అయినా ప్రోగ్రాం ఆగదు."

మూడు నెలలు ఈ ఇంట్లో ఉన్నావు. సెక్టార్ 62 ఆఫీసు సంగతులు, క్యాంటీను సంగతులు, కరెంటు మీటర్ల రీడింగులు పోగుచేసే మీ ప్రాజెక్టు సంగతులు రోజూ అన్నం దగ్గర చెప్పావు. ఈ ఒక్కటి మాత్రం అడగలేదు. అడిగితే చిన్నతనమనుకున్నావేమో. ఇది చిన్న ప్రశ్న కాదమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళు సీ రాసి రిటైరైనవాణ్ణి, నన్ను నిద్రపోనివ్వని రాత్రుల్లో సగం ఈ ప్రశ్న చుట్టూ తిరిగినవే. అందుకే నోటుబుక్కుతో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. ఫోనులో చెప్తే ఒక చెవిన పడి పోతుంది. కాగితం మీదైతే మళ్ళీ చూసుకుంటావు.

సాకెట్ అనే మాట ప్రోగ్రాములు రాసేవాళ్ళందరి నోటా స్థిరపడింది 1983లో, బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వచ్చినప్పుడు. అందులో సాకెట్ అడిగితే చేతికి ఒక ఇంట్ వస్తుంది, 3 అనో 14 అనో. అసలు సాకెట్ కెర్నెల్ లోపల ఉంటుంది, దాన్ని నువ్వు కళ్ళతో చూడవు. బెజవాడ కనకదుర్గమ్మ గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుందా? చెప్పులిస్తే నంబరు వేసిన బిళ్ళ ఇస్తారు. బిళ్ళ చెప్పులు కాదు. ఫలానా అరలో ఉన్నవి నీవి అని చెప్పే గుర్తు. ఆ అరల పట్టిక కెర్నెల్ దగ్గర, ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కోటి ఉంటుంది. రీడ్ అన్నా రైట్ అన్నా నువ్వు బిళ్ళ చూపిస్తావు, అది అర చూసి పని చేసిపెడుతుంది. హ్యాండిల్ అంటే ఇంతే. గరిటెకి కాడ ఎలాగో అలాగ, పట్టుకోవడానికి ఇచ్చినది.

ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యముంది. తప్పు బిళ్ళ చూపిస్తే కెర్నెల్ పట్టిక చూసి, ఇలాంటి అర లేదు పొమ్మంటుంది. ప్రోగ్రాం కూలిపోదు. కానీ బిళ్ళ తిరిగిచ్చేశాక ఆ నంబరు ఖాళీగా కూర్చోదు. కొత్తగా ఏది తెరిచినా ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న నంబరు ఇవ్వాలని పోసిక్స్ నియమం. ఇందాక నీదైన 14 క్షణంలో ఇంకొకరిది కావచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 2004 నాటి మాట. నోయిడాకి మెట్రో రాని రోజులు, ఢిల్లీ నుంచి చార్టర్డ్ బస్సులో వచ్చేవాళ్ళం. అప్పుడు నేను పనిచేసిన చోట టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నుంచి కాల్ రికార్డులు తీసుకుని బిల్లింగుకి అందించే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఎక్స్ఛేంజీకొక థ్రెడ్. వీటిని కనిపెట్టుకుని ఉండి, ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ని మూసెయ్యడానికి మరో థ్రెడ్. ఆ కాపలా థ్రెడ్ రాసింది నేనే. నెలకి రెండు మూడుసార్లు అర్ధరాత్రి దాటాక ఏదో ఒక ఎక్స్ఛేంజీ అకారణంగా కనెక్షన్ తెంచుకునేది. వాళ్ళని అడిగితే, మీరు చెత్త పంపారు, అందుకే తెంచాం అనేవాళ్ళు. మా లాగ్ చూస్తే సరిగ్గా ఆ సమయం నుంచి ఒక్క లైనూ ఉండేది కాదు. ఆ పూట రికార్డులు పోయేవి.

తొమ్మిది రాత్రులు కూర్చున్నాను. చివరికి ప్రోగ్రాం కెర్నెల్‌కి చేసిన ప్రతి కాల్‌నీ చూపే ఎస్‌ట్రేస్ జాబితాని కాగితాల మీద ముద్రించి, స్కేలు పెట్టి గీతలు గీసుకుంటూ చదివితే దొరికింది. ఒక ఎక్స్ఛేంజీ కనెక్షన్ పాడైంది. దాన్ని చూసుకునే థ్రెడ్ మర్యాదగా 14ని క్లోజ్ చేసింది. సరిగ్గా అప్పుడు అర్ధరాత్రయింది, పాత లాగ్ ఫైలు పక్కన పెట్టి కొత్తది తెరిచారు. దానికి 14 వచ్చింది. నా కాపలా థ్రెడ్ జాబితాలో పాత 14 ఇంకా ఉంది. చాలాసేపటి నుంచి చప్పుడు లేదే అని అది మళ్ళీ 14ని క్లోజ్ చేసింది. అంటే లాగ్ ఫైలుని మూసేసింది. తర్వాత మరో ఎక్స్ఛేంజీ కనెక్టయింది, దానికీ 14 వచ్చింది. లాగ్ రాసేవాడికి ఇవేవీ తెలియవు. నా ఫైలు 14 అనుకుంటూ లాగ్ లైన్లన్నీ తీసుకెళ్ళి ఆ ఎక్స్ఛేంజీ ముఖాన పోశాడు. వాళ్ళు చెప్పిన చెత్త అదే. ఇంత జరిగినా ఒక్క కాల్ కూడా ఎర్రర్ ఇవ్వలేదు చూడు. ప్రతి క్లోజూ, ప్రతి రైటూ విజయవంతమే. పట్టిక దృష్టిలో 14 ఎప్పుడూ సరైన బిళ్ళే.

నాకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. దిద్దడానికి పట్టింది అరగంట. కాపలా థ్రెడ్ ఏదీ క్లోజ్ చెయ్యకూడదు, షట్‌డౌన్ మాత్రం చెయ్యాలి, క్లోజ్ చేసే హక్కు దాన్ని తెరిచిన థ్రెడ్‌కే, అదీ జాబితాలోంచి తీసేశాకే ఉండాలి అని మార్చాను. షట్‌డౌన్ మాటల్ని ఆపుతుంది గానీ నంబరుని వదలదు. నీకు చెప్పబోయేదంతా ఈ అరగంట పని వెనకాల ఉంది.

ఇప్పుడు నీ వాయిడ్ స్టార్ దగ్గరికి వద్దాం.

మీరు వాడుతున్న మెసేజింగ్ లైబ్రరీ జీరోఎంక్యూ 2007లో ఐమ్యాటిక్స్ అనే చిన్న సంస్థలో మొదలైంది. ముఖ్యులు ఇద్దరు, స్లొవేకియా దేశస్థుడు మార్టిన్ సుస్ట్రిక్, బెల్జియంలో ఉండిన పీటర్ హింట్యెన్స్. దానికి సాకెట్ అనే పేరు పెట్టడంతోనే నీలాంటి పిల్లలకి సగం చిక్కు వచ్చింది. బీఎస్‌డీ సాకెట్ అంటే ఇటొక కొస, అటొక కొస ఉన్న ఒక తీగ. జీరోఎంక్యూ సాకెట్ తీగ కాదు, పోస్టాఫీసు. ఒక్క సాకెట్ నాలుగు అడ్రసులకి కనెక్ట్ కావచ్చు, అదే సాకెట్ ఇంకో అడ్రసు దగ్గర బైండ్ అయి కూర్చోవచ్చు. ఇవతల తీగ తెగితే తనే మళ్ళీ కట్టుకుంటుంది. అసలు ఒక్క తీగ కూడా లేని సమయంలో నువ్వు పంపిన మాటల్ని దాచిపెట్టగలదు. అంటే దాని వెనక తీగలకి కెర్నెల్ ఇచ్చిన బిళ్ళలు ఒక సమయంలో పది ఉండొచ్చు, ఇంకో సమయంలో ఒక్కటీ లేకపోవచ్చు. ఇక నీకు ఏ నంబరని ఇవ్వాలి? అందుకని, లోపల సీ ప్లస్ ప్లస్‌లో తయారుచేసిన వస్తువు ఎక్కడుందో ఆ చిరునామానే తీసి, ఊరూ పేరూ చెరిపేసి, వాయిడ్ స్టార్‌గా నీ చేతిలో పెడతారు. నీ ప్రశ్నకి సూటి జవాబు కావాలంటే, అది సాకెట్ వస్తువు చిరునామానే. అయితే ఆ చిరునామాకి వెళ్ళి తలుపు తియ్యడానికి నీకు అనుమతి లేదు. లైబ్రరీకి తిరిగి చూపించడానికి మాత్రమే ఇచ్చారు.

చెప్పుల స్టాండుకీ దీనికీ తేడా ఇక్కడ పట్టుకో. బిళ్ళ చూపిస్తే పట్టికలో చూస్తారు. చిరునామా చూపిస్తే చూడ్డానికి పట్టిక ఏదీ లేదు, నేరుగా ఆ ఇంటికే వెళ్తారు. అక్కడ ఇల్లు లేకపోతే? దీనికోసం లైబ్రరీ చిన్న జాగ్రత్త తీసుకుంది. సాకెట్ వస్తువు లోపల ఒక గుర్తు రాసి ఉంచుతుంది, పదహారు అంకెల పద్ధతిలో రాస్తే "బ్యాడ్ డీక్యాఫ్" అని చదవగలిగే సంఖ్య. నువ్వు ఏ కాల్ చేసినా ముందు ఆ గుర్తు ఉందో లేదో చూస్తుంది. సాకెట్ మూసినప్పుడు దాన్ని చెరిపి "డెడ్ బీఫ్" అని రాస్తుంది. తర్వాత నువ్వు పొరపాటున అదే హ్యాండిల్ తీసుకెళ్తే, ఇది సాకెట్ కాదు అని ఎర్రర్ వస్తుంది.

సోర్సు తెరిచి ఈ రెండు సంఖ్యలూ నీ కళ్ళతో చూడు. కానీ వాటిని నమ్ముకుని బతకకు. క్లోజ్ అన్నప్పుడు ఆ వస్తువు వెంటనే పోదు. రీపర్ అని లోపల ఒక థ్రెడ్ ఉంటుంది, సాకెట్‌ని దానికి అప్పగిస్తారు, మిగిలిన పనులన్నీ అయ్యాక అది మెమరీ విడుదల చేస్తుంది. ఆ లోపల నువ్వు తప్పు చేస్తే డెడ్ బీఫ్ కనిపించి బుద్ధిగా ఎర్రర్ వస్తుంది. విడుదలయ్యాక తప్పు చేస్తే ఆ చోట ఇంకెవరి సామానో ఉంటుంది, దాన్ని చదవడమే నేరం. ఏమైనా జరగొచ్చు. టెస్టు చేసినప్పుడు ఎర్రర్ వచ్చింది కాబట్టి ఎప్పుడూ ఎర్రరే వస్తుందనుకోవడం గుడ్డి నమ్మకం.

వాయిడ్ స్టార్‌కి ఇంకో దోషం ఉంది, నిన్ను ఇప్పటికే కుట్టింది కూడా. నీ నోటుబుక్కు మధ్యలో ఒక చోట పోల్ కాల్ రాసి, పక్కన "పని చెయ్యట్లేదు, ఏ తప్పూ చూపించదు" అని రాసుకున్నావు. నువ్వు అక్కడ ఇచ్చింది సీజెడ్ఎంక్యూ సాకెట్, అంటే హింట్యెన్స్ అసలు లైబ్రరీ మీద తొడుగులా రాసిన రెండో లైబ్రరీది. తీసుకునేదేమో అసలు లైబ్రరీ ఫంక్షన్. పోలిక చెప్తాను. మన ఇంటి దగ్గర మెట్రోలో సెక్టార్ 52లో దిగి సెక్టార్ 51కి నడిచేవాళ్ళని చూశావు కదా. 2019లో నోయిడా వాళ్ళ ఆక్వా లైన్ వచ్చింది, అదే సంవత్సరం ఢిల్లీ వాళ్ళ బ్లూ లైన్ సెక్టార్ 52 మీదుగా ఎలక్ట్రానిక్ సిటీ దాకా పొడిగించారు. రెండూ మెట్రోలే, రెండు స్టేషన్లూ దగ్గరదగ్గరే. అయినా ఇటు రైలు దిగినవాడు స్టేషన్ బయటికొచ్చి అటు నడవాల్సిందే. మెట్రో గేటు అయితే తనది కాని టికెట్టుని ఆపుతుంది. సీ భాషలో వాయిడ్ స్టార్ తీసుకునే ఫంక్షన్ దగ్గర ఆ గేటు ఉండదు. పాయింటర్ ఏదైనా సరే, సాకెట్టూ, సాకెట్ అడ్రసూ, తద్దినం మంత్రం ముద్రించిన స్ట్రింగూ, అన్నిటినీ కంపైలర్ ఒక్క హెచ్చరిక లేకుండా లోపలికి పంపిస్తుంది. నువ్వు చెయ్యాల్సింది సీజెడ్ఎంక్యూలోని రిజాల్వ్ ఫంక్షన్ వాడటం. నువ్వు ఇచ్చినది తన సాకెట్ అయితే లోపలి అసలు హ్యాండిల్ బయటికి తీసి ఇస్తుంది, అసలు హ్యాండిలే ఇస్తే అలాగే తిరిగిస్తుంది.

ఎఫ్‌డీ ఆప్షన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే రేపో ఎల్లుండో మీ సీనియర్ ఎవరైనా దాన్ని చూపిస్తారు. జీరోఎంక్యూ సాకెట్ నుంచి కెర్నెల్ నంబరు ఒకటి అడిగి తెచ్చుకోవచ్చు. దాన్ని చూడగానే పాత మిత్రుడు కనిపించినట్టుంటుంది. అది డేటా వచ్చే దారి కాదమ్మా, కాలింగ్ బెల్లు. లోపల ఏదో కదిలింది, వచ్చి చూడు అని మాత్రం చెబుతుంది. దాని మీద రీడ్ చెయ్యకూడదు, రైట్ చెయ్యకూడదు, క్లోజ్ అసలు చెయ్యకూడదు. బెల్లు ఒక్కసారే మోగుతుంది, తలుపు తీసేదాకా మోగుతూ ఉండదు. మోగగానే ఈవెంట్స్ ఆప్షన్ చూసి, ఇంక లేవు అనేదాకా అన్నీ తీసుకోవాలి. నువ్వు ఏదైనా పంపిన తర్వాత కూడా ఈవెంట్స్ మళ్ళీ చూడాలి, ఆ పంపడంలోనే బెల్లు మోగి ఆగిపోయి ఉండొచ్చు. ఇది తెలియక ఒక మెసేజ్ తీసుకుని మళ్ళీ బెల్లు కోసం కూర్చున్న ప్రోగ్రాములు ఎన్ని చూశానో. రోజంతా నడుస్తాయి, రద్దీ పెరగ్గానే బిగుసుకుపోతాయి.

ఎర్ర పెన్ను ప్రశ్న. అన్నీ క్లోజ్ చేసినా ప్రోగ్రాం ఎందుకు ఆగదు?

ఆగనిది నీ ప్రోగ్రాం కాదు, సాకెట్లన్నీ పుట్టిన కంటెక్స్ట్‌ని ముగించే కంటెక్స్ట్ టెర్మ్ అనే కాల్. అది రెండు విషయాల కోసం కాచుకుని ఉంటుంది. ఆ కంటెక్స్ట్‌లో తెరిచిన ప్రతి సాకెట్టూ క్లోజ్ కావాలి. వాటిలో పంపకుండా మిగిలిన మాటలు వెళ్ళిపోవాలి, లేదా వాటికిచ్చిన గడువు అయిపోవాలి. నువ్వు మొదటిది చేశావు. నీ పుష్ సాకెట్ మాత్రం లెక్కలు కట్టే మెషీన్‌కి కనెక్ట్ అయింది, టెస్టు చేసిన పూట ఆ మెషీన్ ఆపేసి ఉందని నువ్వే పై పేజీలో రాసుకున్నావు. అవతల ఎవరూ లేకపోయినా కనెక్ట్ విజయవంతమే, పంపడమూ విజయవంతమే. మాటలు క్యూలో చేరతాయి, మామూలుగా వెయ్యి వరకూ. తర్వాత నువ్వు క్లోజ్ అన్నావు. నీ చేతిలో హ్యాండిల్ చచ్చిపోయింది. కానీ నీ రీడింగులు చావలేదు, రీపర్ సంరక్షణలో ఉన్నాయి. అసలు లైబ్రరీలో లింగర్ అనే ఆప్షన్ నువ్వు ముట్టుకోకపోతే దాని విలువ మైనస్ ఒకటి, అంటే ఎంతకాలమైనా ఎదురుచూడమని. అవతలి మెషీన్ లేచేదాకా లైబ్రరీ నీ ఉత్తరాల కట్ట గుండెకి హత్తుకుని కూర్చుంటుంది. నీకది మొండితనంలా కనపడింది. నాకు అది నమ్మకస్తుడి పని.

ఇంటర్‌నెట్‌లో వెతికితే లింగర్‌ని సున్నా చెయ్యమని పది మంది చెప్తారు. చేస్తే వెంటనే ఆగుతుంది కూడా. నిన్ను బతిమాలుతున్నాను, ఆలోచించకుండా అది చెయ్యకు. సున్నా అంటే క్యూలో ఉన్నదంతా పారెయ్యమని అర్థం. మీరు పంపేవి కరెంటు మీటరు రీడింగులు. అందులో ఒక్కోటి ఎవరో ఒకరి ఇంటి బిల్లు. నా కాల్ రికార్డులు పోయిన రాత్రుల్లో పోయింది ఎవరి లెక్కో నాకెప్పటికీ తెలియదు, ఆ బాధ ఇంకా ఉంది. గడువు రెండు సెకన్లో ఐదు సెకన్లో పెట్టు. కానీ అది అయిపోయాక కూడా పోకూడని రీడింగులు ఉంటే, వాటిని పంపే ముందే డిస్కు మీద రాసి ఉంచు, అవతలి నుంచి అందాయని జవాబు వచ్చాకే చెరుపు. జీరోఎంక్యూ క్యూ మెమరీలో ఉంటుంది, ప్రాసెస్ పోతే అదీ పోతుంది. లింగర్‌కి ఏ విలువ పెట్టినా ఆ నిజం మారదు. ఏది పోయినా ఫర్వాలేదో, ఏది పోకూడదో నిర్ణయించాల్సింది ప్రాజెక్టులో మనుషులు. ఆ ప్రశ్న మీ మీటింగులో నువ్వే లేవనెత్తు. కొత్తదాన్ని, నాకెందుకు అనుకోకు.

థ్రెడ్ల మాట కూడా రాయాలి. కంటెక్స్ట్‌ని ఎన్ని థ్రెడ్లయినా పంచుకోవచ్చు. మామూలు సాకెట్ రకాలు మాత్రం ఒకేసారి రెండు థ్రెడ్లు ముట్టుకోకూడదు. వేగం కోసం లోపల తాళాలు పెట్టలేదు వాళ్ళు. మీ కోడ్‌లో ఒకే పుష్ సాకెట్ మూడు వర్కర్ థ్రెడ్లకి ఇచ్చినట్టు బొమ్మ గీశావు. అది రోజుల తరబడి నడుస్తుంది, ఒకనాడు లోపలి అసర్ట్ దగ్గర కూలుతుంది, ఆ లైను చూస్తే నీ కోడ్‌కి సంబంధమే కనిపించదు. చుట్టూ మ్యూటెక్స్ కడతాననకు, కట్టినవాళ్ళని చూశాను, ఎక్కడో ఒకచోట మరిచిపోతారు. ఒక్కో వర్కర్‌కి తన పుష్ సాకెట్ తను తెరుచుకోనివ్వు, ప్రాసెస్ లోపలే నడిచే ఇన్‌ప్రాక్ దారిలో ఒక థ్రెడ్‌కి పంపనివ్వు, బయటికి వెళ్ళే సాకెట్ ఆ ఒక్క థ్రెడ్‌దే. అప్పుడు ఏ హ్యాండిల్ ఎవరిదో పేజీ చూడకుండా చెప్పగలవు.

వాయిడ్ స్టార్ బదులు ఇంట్ ఇస్తే పోయేది కదా అని నువ్వు మూడోసారి కొట్టేసిన వాక్యంలో ఉంది. సుస్ట్రిక్‌ కూడా అదే దారి పట్టాడు. జీరోఎంక్యూని సీ ప్లస్ ప్లస్‌లో కాక సీలోనే రాసి ఉండాల్సిందని 2012లో వ్యాసం రాశాడు, ఆ తర్వాత నానోమెసేజ్ అని కొత్త లైబ్రరీ సీలో రాశాడు. అందులో సాకెట్ అంటే ఇంట్. కంటెక్స్టే లేదు. థ్రెడ్ల మధ్య పంచుకోవచ్చు. పాత బీఎస్‌డీ అలవాటున్న చేతికి హాయిగా ఉంటుంది. కానీ సున్నా కూడా అక్కడ చెల్లే హ్యాండిలే, తప్పు జరిగితే వచ్చేది మైనస్ ఒకటి. వాయిడ్ స్టార్ అలవాటుతో "సున్నా అయితే విఫలం" అని రాసుకున్న కోడ్ అటు తీసుకెళ్తే మొదటి సాకెట్టే విఫలమైనట్టు కనపడుతుంది, నిజంగా విఫలమైనది బాగున్నట్టు కనపడుతుంది. ఇంట్ కూడా ఊరూ పేరూ లేనిదే కదా, వయసూ ఇంటే, పోర్టు నంబరూ ఇంటే.

నాకు నచ్చింది ఆ తర్వాత గారెట్ డి'అమోర్ రాసిన ఎన్ఎన్‌జీ పద్ధతి. నానోమెసేజ్ బాధ్యత తీసుకుని, దానికి వారసుడిగా దీన్ని తయారుచేశాడు. అందులో సాకెట్ అంటే 32 బిట్ల సంఖ్య ఒక్కటే ఉన్న చిన్న స్ట్రక్ట్. లోపల చూస్తే చెప్పుల స్టాండు బిళ్ళే, పట్టికలో చూసుకునేదే. కానీ స్ట్రక్ట్ కాబట్టి దానికి పేరుంది. సాకెట్ అడిగిన చోట డయలర్ అనే వేరే హ్యాండిల్ ఇచ్చినా వట్టి ఇంట్ ఇచ్చినా కంపైలర్ అక్కడికక్కడ ఆపుతుంది. నాలుగు బైట్ల వస్తువుకి బట్ట కట్టినట్టు. నడిచేటప్పుడు దీనికి ఖర్చేమీ లేదు. 2004లో నేను 14ని అలా ఒక పేరున్న స్ట్రక్ట్‌లో పెట్టి, నంబరుతో పాటు ఇది ఎన్నో విడత 14 అనే లెక్క కూడా రాసుకుని ఉంటే, ఆ తొమ్మిది రాత్రులు ఇంట్లో పడుకునేవాణ్ణి. మీ కంపెనీ జీరోఎంక్యూ మార్చదు, మార్చనక్కర్లేదు కూడా. నీ కోడ్ వరకూ వాయిడ్ స్టార్‌ని బయట తిరగనివ్వకుండా ఒక చిన్న స్ట్రక్ట్‌లో పెట్టుకో. అందులోనే, తెరిచిన థ్రెడ్ ఎవరో కూడా రాసిపెట్టు.

హింట్యెన్స్ సీజెడ్ఎంక్యూలో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. సాకెట్‌ని నాశనం చేసే ఫంక్షన్‌కి హ్యాండిల్ ఇస్తే సరిపోదు, నీ హ్యాండిల్ ఉన్న చోటు చిరునామా ఇవ్వాలి. అది సాకెట్‌ని మూసి, తిరిగి వచ్చి నీ చరరాశిలో నల్ రాసి వెళ్తుంది. ఢిల్లీ మెట్రోలో ఇప్పుడు కాగితం మీద క్యూఆర్ టికెట్లు వచ్చాయి గానీ, ఇంతకు ముందు గుండ్రటి ప్లాస్టిక్ టోకెన్లుండేవి. బయటికి వెళ్ళేటప్పుడు గేటు చీలికలో వేస్తే గేటు మింగేసేది. మళ్ళీ వాడదామన్నా నీ చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ ఫంక్షన్ చేసేది అదే. అయితే నువ్వు ఆ హ్యాండిల్‌ని ఇంకో మూడు చోట్ల కాపీ చేసి పెట్టుకుంటే వాటిని అది ఖాళీ చెయ్యలేదు. నా కాపలా థ్రెడ్ జాబితాలో మిగిలిపోయిన 14 అలాంటి కాపీనే.

హింట్యెన్స్ 2016 అక్టోబరు 4న పోయాడు. క్యాన్సర్. వైద్యుల సాయంతో తన రోజు తనే ఎంచుకున్నాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, పోతున్నవాడి పక్కన ఎలా ఉండాలో, పోతున్నవాడు ఎలా ఉండాలో వివరంగా రాసి అందరికీ ఇచ్చాడు. నేనాయన్ని ఎన్నడూ చూడలేదు. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి, ఆయన రాసిన జీరోఎంక్యూ పుస్తకం తీసి కాసేపు అలా పట్టుకుని కూర్చున్నాను. మీ పిన్ని ఎవరైనా పోయారా అని అడిగింది, అవునన్నాను. మంచి కోడ్ రాసి వదిలినవాళ్ళతో మనకి ఒక చుట్టరికం ఏర్పడుతుంది, అది నీకూ తెలిసొస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. నీ బొమ్మ ఉన్న పేజీకి ఎదురుగా ఖాళీ పేజీలో పెన్సిలుతో గీతలు గీశాను. ఎడమ వైపు నీ కోడ్‌లో సాకెట్ తెరిచిన ఆరు చోట్లూ ఉన్నాయి. కుడి వైపు ఖాళీ వదిలాను. ఒక్కోదాని ఎదురుగా దాన్ని మూసేది ఎవరు, ఏ థ్రెడ్, ఏ ఫంక్షన్ అని నువ్వే రాయి. ఇద్దరి పేర్లు రాయాల్సి వచ్చినా, ఎవరి పేరూ తట్టకపోయినా అక్కడ ఆగు. నా చూపుకి నాలుగోది అలాంటిదే, స్టార్ట్ ఫంక్షన్ తెరిచి పిలిచినవాడికి అప్పగిస్తోంది, ఆ పిలిచినవాడు మరో ఇద్దరికి పంచుతున్నాడు. నేను తప్పు చదివి ఉండొచ్చు, నీ చేతిరాత రాత్రి పన్నెండు తర్వాతది. తర్వాత మొత్తం మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి మళ్ళీ కట్టి, ఆ లెక్కల మెషీన్ ఆపేసి, ఒకసారి నడుపు. ఇంకోసారి థ్రెడ్ల తప్పులు పట్టే థ్రెడ్ శానిటైజర్‌తో. రెండూ ఒకేసారి పెట్టకు, పడవు.

నోటుబుక్కు రేపు పొద్దున్న కొరియర్‌లో వేస్తాను, పండగ సెలవుల వల్ల ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. పిన్ని అరిసెలు కూడా పెడతానంటోంది. నూనె అంటి పేజీలు పాడవుతాయని వేరే డబ్బాలో పెట్టిస్తున్నాను. నాలుగో సాకెట్ దగ్గర ఎవరి పేరు రాశావో చూసి ఫోను చెయ్యి. ఆదివారం పొద్దున్న అయితే ఇంట్లోనే ఉంటాను.



ఆశీస్సులతో,
మీ బాబాయి